హాస్టలు గదికి అడ్డొచ్చిన ఏటి బాట

వేసవిలో మా లంకకు దారి మేమే వేసుకుంటాం. కృష్ణ రెండు పాయలుగా చీలి మళ్లీ కలిసేచోట, మధ్యలో ఉంటుంది మా ఊరు. తూర్పున చిన్న పాయ, పడమట పెద్ద పాయ. తూర్పు పాయలో ఏడాదంతా పడవ తిరుగుతుంది. పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి వెళ్లినా మాకు అదే గుమ్మం. పడమటి పాయ మాత్రం ఎండలు ముదిరాక అడుగంటి ఇసుక తేలుతుంది. అప్పుడు ఇంటికొక మనిషి చొప్పున అందరూ పలుగూ పారా పట్టుకుని దిగుతారు. ఇసుక మీద జనుము రొట్ట, వరిగడ్డి పరుస్తారు. ఇంకా పారుతున్న కాసిని నీళ్ల మీద సిమెంటు తూములు దించుతారు. పైన గ్రావెలు పోసి ట్రాక్టరుతో తొక్కిస్తారు. మూడు నాలుగు నెలలు అరటి గెలలు, కంద, పసుపు ఆ బాట మీదే బయటికి పోతాయి. ఎగువన బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజున ఒక్క పూటలో అది కొట్టుకుపోతుంది. ఎవరూ ఏడవరు. మళ్లీ వేసవికి మళ్లీ వేసుకుంటాం.

ఆ బాటను ఫోనులో పెట్టింది మా రెండో అమ్మాయి. అది ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఇంటి దగ్గర ఉన్న వేసవి. గెలల కోసం వచ్చే వ్యాన్లు దారి తెలియక ప్రతిసారీ అవతలి గట్టు మీదే ఆగిపోయేవి. "ఏట్లోకి దిగమంటారేంటండీ? బండి కూరుకుపోతే మీరొచ్చి లాగుతారా?" అని డ్రైవర్లు ఫోనులో దెబ్బలాడేవారు. మా పిల్ల ఫోను చేత్తో పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా బాటంతా నడిచింది. రెండు చివర్లా ఫోటోలు తీసి మ్యాపు వాళ్లకు పంపింది. పది పదిహేను రోజులకు మ్యాపులో ఏటికి అడ్డంగా తెల్లటి గీత ఒకటి కనపడింది. ఊరు ఊరంతా ఆ ఫోను చుట్టూ మూగింది. తర్వాత వచ్చిన వ్యాను ఎవర్నీ అడక్కుండా నేరుగా అరటితోటలోకి వచ్చి ఆగితే, ఆ డ్రైవరుకు మా వాళ్లు మజ్జిగ ఇచ్చి మర్యాద చేశారు. మా ఆయన అయితే నెల రోజులు కనపడినవాళ్లందరికీ అదే మాట: "గవర్నమెంటు వెయ్యని రోడ్డు మా పిల్ల ఏసిందయ్యా!"

మేం ఏటి చేపల మీద బతికేవాళ్లం. ఆయన వల వేస్తాడు. నేను గంప ఎత్తుకుని తూర్పు గట్టు ఊళ్లలో అమ్ముకొస్తాను. మా ఇంట్లో చదువు ఆ పిల్లతోనే మొదలైంది. నేను అక్షరాలు నేర్చుకున్నది కూడా నలభై దాటాక, అది పలక పట్టుకుని కూర్చుంటే పక్కన చేరి. కాబట్టి మంగళగిరి వైపు ఉన్న ఒక యూనివర్సిటీలో దానికి లెక్కల కోర్సులో సీటు వచ్చిందని తెలిసినప్పుడు ఇక అన్నీ అయిపోయాయి అనుకున్నాను. సీటు ఇచ్చినవాళ్లు పడుకోవడానికి చోటు కూడా చూపిస్తారు కదా అన్నది నా లెక్క. సీటు వేరు, హాస్టలు గది వేరు అని అప్పుడు తెలియదు. సీటు వచ్చాక అడ్మిషన్ నంబరు వస్తుంది. ఆ నంబరు వేసి హాస్టలుకు విడిగా అప్లికేషన్ పెట్టాలి. వాళ్లు చెప్పిన రోజున కాగితాలన్నీ పట్టుకుని పిల్ల, తల్లో తండ్రో వెళ్లి కనపడాలి. అప్పుడుగాని గది సంగతి తేలదు.

మాకు చెప్పిన రోజు శ్రావణమాసంలో పడింది. వారం ముందే గేట్లు ఎత్తారు. రెండు రోజులుగా వరద కొంచెం తీసింది గాని పడమటి పాయ ఇంకా ఎర్రగా, వెడల్పుగా పోతూనే ఉంది. నేనూ మా పిల్లా తెల్లవారి మొదటి పడవలో తూర్పు గట్టు దాటి, ఆటోలో మెయిన్ రోడ్డు మీదికి వచ్చి, బస్సులో విజయవాడ చేరి, ఇంకో బస్సులో మంగళగిరి వైపు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ఆటో ఎక్కాం. యూనివర్సిటీ గేటు దగ్గర దిగేసరికి పదిన్నర దాటింది. అప్పటికే హాస్టలు ఆఫీసు ముందు తిరనాళ్లలా ఉంది. పెట్టెలు, పరుపు చుట్టలు, బకెట్లు. ఒక తండ్రి భుజాన సీలింగు ఫ్యాను కూడా మోసుకొచ్చాడు. మేం మాత్రం ఒక్క ఫైలే పట్టుకెళ్లాం. గది వస్తుందో రాదో తెలియకుండా సామాను మోసుకుపోతే దిష్టి తగులుతుందని నా భయం.

ఆఫీసు వరండాలో ఒక మూల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల వేసుకుని ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బల్ల మీద స్టేప్లరు, జిగురు సీసా, కత్తెర, దారంతో బల్లకాలికి కట్టిన నాలుగు పెన్నులు. ఆఫీసు మనిషేమో అనుకున్నాను. కాదు, ఆఖరి సంవత్సరం చదివే పిల్ల. పామర్రు దగ్గర పల్లెటూరు వాళ్లదట. ఎవరూ కూర్చోమని చెప్పలేదట.

"ఇలా రండి ఆంటీ. ఫైలు ఇవ్వండి ముందు. జిరాక్సులు రెండు సెట్లు తీశారా? మెడికల్ సర్టిఫికెట్ మీద డాక్టర్ గారి స్టాంపు ఉందా? ఏదీ... ఆ, ఉంది. ర్యాగింగ్ చెయ్యనని రాసే కాగితం మీద సంతకం ఎవరిది?"

"నాదేనమ్మా."

"బాగుంది. ఫోటో అంటించలేదే! మీ ఫోటో కూడా కావాలాంటీ. పాపని బయటికి తీసుకెళ్లడానికి ఎవరెవరు రావొచ్చో వాళ్ల ఫోటోలు ఉండాలి. లేకపోతే మీరొచ్చినా పంపించరు."

"కన్నతల్లి వచ్చినా పంపించరా?"

"వాచ్‌మన్‌కి మీరు కన్నారని ఎలా తెలుస్తుందాంటీ?" అని నవ్వి, మా కాగితాల్లో నా ఫోటో ఒకటి వెతికి తీసి, కత్తిరించి, అంటించి, నాలుగు కాగితాలూ వరసగా పెట్టి స్టేప్లరు కొట్టింది. ఒక్క కాగితం కూడా తలకిందులు కాలేదు. మా వెనక వచ్చినవాళ్లకూ అలాగే చేసింది. హిందీ మాట్లాడే ఒక తల్లికి చేతులతోనే చెప్పి పని పూర్తి చేసింది. "నీకిందులో ఏం వస్తుందమ్మా?" అని అడిగాను. "ఏం రాదాంటీ. నేను చేరిన రోజు మా నాన్న ఒక జిరాక్సు తక్కువైందని ఎండలో మూడుసార్లు మంగళగిరి సెంటరుకి తిరిగాడు" అంది. వెంటనే ఇంకో ఫైలు అందుకుంది.

కౌంటరు దగ్గర మా వంతు వచ్చింది. కిటికీ లోపల ఉన్న గుమాస్తా గారు మర్యాదస్తుడే. పొద్దుటి నుంచి టీ కూడా తాగినట్టు లేదు. ఊరి పేరు అడిగి, కంప్యూటర్‌లో కొట్టి చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇరవై ఆరు కిలోమీటర్లు చూపిస్తోందమ్మా. ముప్పై లోపు వాళ్లకి హాస్టల్ ఇవ్వరు. బస్ పాస్ రాయించుకోండి."

"మా ఊరికి బస్సు రాదు బాబూ. అది లంక."

"రోడ్డుందిగా! ఇదిగో, మీరే చూడండి" అని కంప్యూటర్ తెర మా వైపు తిప్పాడు.

చూశాను. ఏటి మీద తెల్లటి గీత. పడమటి గట్టున దిగి తిన్నగా మంగళగిరి దాకా పోతోంది. మా పిల్ల తల దించుకుంది.

"ఆ రోడ్డు ఇప్పుడు లేదండి. నీళ్లల్లో ఉంది" అన్నాను.

"మీరన్నారని నేను రాయలేనమ్మా. వెనకాల ఎంతమంది ఉన్నారో చూశారా? అందరూ దూరమనే చెప్తారు." కాగితాలు తిరగేశాడు. "లోకల్ గార్డియన్ విజయవాడ వన్ టౌన్‌లో ఉందని మీరే రాశారు. ఎవరావిడ?"

"మా చెల్లెలండి. మిర్చి గోడౌన్‌లో తొడాలు తీసే పనికి పోద్ది."

"మరింకే! పిన్ని ఇంట్లో ఉండి రావొచ్చుగా పాప."

"ఒక్కటే గది బాబూ. అయిదుగురు పడుకుంటారు. ఆరో మనిషి పడుకోవాలంటే ఒకళ్లు లేచి నిలబడాలి."

వెనక నిలబడిన వాళ్లు నవ్వారు. గుమాస్తా గారూ నవ్వాడు గాని కాగితాలు పక్కన పెట్టేశాడు. "వార్డెన్ మేడమ్ గారు రెండున్నరకి వస్తారు. ఆవిడకి చెప్పుకోండి. అయిదింటికి లిస్టు పైకి పోతుంది. ఆ తర్వాత మిగిలితే వచ్చే నెలలో."

వచ్చే నెల దాకా అంటే ఏమిటో నాకు తెలుసు. క్లాసులు తొమ్మిదింటికి. మొదటి పడవ ఎక్కినా పదిన్నర. సాయంత్రం క్లాసు అయ్యాక బయల్దేరితే ఆఖరి పడవ అందదు. నీళ్లు పెరిగితే అసలు పడవే ఉండదు. అలా ఒక నెల పోతే, మా పిల్ల సంగతి ఏమో గాని, నేనే "పోనీలే, దగ్గర్లో ఇంకేదైనా కాలేజీ చూసుకుందాం" అనేస్తానేమోనని భయమేసింది. ఆ మాట నా నోటి నుంచి వస్తే అది కాదనదు. అదీ నా భయం.

మూల బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాం. పామర్రు అమ్మాయి మంచినీళ్ల సీసా ఇచ్చింది. మా పిల్ల రెండు గుక్కలు తాగి నెమ్మదిగా చెప్పింది.

"అక్కా, ఆ రోడ్డు మ్యాపులో పెట్టింది నేనే."

ఆ అమ్మాయి నోరు తెరిచింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "అమ్మా తల్లీ! నీ గది దారికి నువ్వే అడ్డంగా రోడ్డేసుకున్నావా?" మళ్లీ అంతలోనే గొంతు తగ్గించింది. "చూడు, ఈ మాట లోపల మాత్రం చెప్పకు. మ్యాపు తప్పు చూపిస్తోంది మేడమ్ అను, చాలు. తప్పుడు రోడ్డు పెట్టిన పిల్ల అనుకుంటే ఇంకేం చెప్పినా నమ్మరు."

"తప్పుడు రోడ్డు కాదక్కా. వేసవిలో నిజంగానే ఉంటది."

"పోనీ తీసెయ్యి ఇప్పుడే."

"తీసెయ్యమని పంపినా వెంటనే పోదు. వాళ్లు చూసుకుని తీస్తారు. తీసేస్తే మళ్లీ వేసవికి గెలల వ్యాన్లు ఎట్టా వస్తయ్?"

నాకు ఒళ్లు మండింది. గది పోతోంటే దీనికి అరటిగెలలు గుర్తొస్తున్నాయి. కాని ఆ మాట అనలేకపోయాను. ఊళ్లో ఆ వ్యాన్ల మీద బతికే ఇళ్లన్నీ నా కళ్ల ముందూ మెదిలాయి. పద్దెనిమిదేళ్ల పిల్లకు తన గది ఒకవైపు, ఊరి బాట ఒకవైపు పెట్టి అడిగితే ఇంత తొందరగా జవాబు చెప్పగలగడం నాకు వింతగానే తోచింది. ఆ వయసులో నేనైతే చెప్పలేను.

కూర్చోబుద్ధి కాక లేచి గోడల మీది కాగితాలు చదవడం మొదలుపెట్టాను. చాలావరకు ఇంగ్లీషు. ఒక్కటి మాత్రం తెలుగులో, 'తల్లిదండ్రులకు గమనిక' అని ఉంది. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని, నాకు చూపుతో చదవడం రాదు. ఒక్కో మాటనూ కూడబలుక్కుంటూ పోవాలి. కాబట్టి ఏదీ వదిలిపెట్టడం కూడా రాదు. ఒకటోది భోజనం వేళలు. రెండోది సెలవుకు ఇంటికి పంపే పద్ధతి. మూడోది హీటర్లు, పొయ్యిలు వాడకూడదని. నాలుగోది చదివి ఆగాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. తర్వాత మా పిల్లను కేకేశాను.

"ఇట్రా. ఈ నాలుగోది నువ్వు చదువు. నేను సరిగ్గా చదివానో లేదో."

అది పైకి చదివింది. ఇంటి నుంచి దూరాన్ని ఏడాది పొడవునా వాహనాలు నడిచే దారి వెంట లెక్కిస్తారని ఉంది.

పామర్రు అమ్మాయి కూడా లేచి వచ్చి చూసింది. "మూడేళ్లుగా ఈ గోడకే ఆనుకుని కూర్చుంటున్నాను ఆంటీ. ఒక్కనాడు దీన్ని చదివిన పాపాన పోలేదు" అంది.

రెండున్నరకు వార్డెన్ మేడమ్ గారు వచ్చారు. నా వయసావిడే. ఏదో సబ్జెక్టు చెప్పే టీచరు. చేతిలో జవాబు పత్రాల కట్ట అలాగే ఉంది. మా ముందు పదిమంది ఉన్నారు. ఒక్కొక్కళ్లనీ కూర్చోబెట్టి విన్నారు. మా వంతు వచ్చాక నేను గోడ మీది నాలుగో నియమం సంగతి చెప్పాను. ఆవిడ తల ఊపారు.

"నియమం ఉందమ్మా. కాని ఆ దారి ఏడాది పొడవునా ఉండదని కాగితం కావాలి కదా. పంచాయతీ సెక్రటరీ గారి లెటర్ తెచ్చారా?"

"ఇది అడుగుతారని తెలియదండి. రేపు తెస్తాం."

"ఇవాళ అయిదింటికే లిస్టు పోతుంది." ఆవిడ కంప్యూటర్ వైపు చూశారు. "మ్యాపులో ఇంత స్పష్టంగా ఉందే! ఎవరో ఫోటోలు కూడా పెట్టారు. ట్రాక్టరు వెళుతోంది."

"ఆ ఫోటోలు నేనే పెట్టానండి" అంది మా పిల్ల.

గుమ్మంలో నిలబడిన పామర్రు అమ్మాయి నుదురు కొట్టుకోవడం నాకు కనపడింది.

"నువ్వా?"

"అవునండి. రోడ్డు కూడా నేనే పెట్టానండి. వేసవిలో మా ఊరోళ్లు వేసుకుంటారండి. ఫోటో కింద వేసవిలో మాత్రమే అని రాశానండి. ఎవరూ చదవరు."

మేడమ్ గారు కళ్లజోడు సర్దుకుని ఫోటో దగ్గరికి వంగారు. కింద చిన్న అక్షరాలు చదివారు. "సరే. ఇప్పుడు అక్కడ ఎలా ఉందో నేను నమ్మడమెలా?" అన్నారు. కోపంగా కాదు, మా పిల్లకు ఒక లెక్క ఇచ్చినట్టు అడిగారు.

"మా నాన్న ఇప్పుడు ఏట్లోనే ఉంటాడండి. చూపిస్తాను" అని అది ఫోను తీసింది.

మా ఆయన దగ్గర పిల్ల వాడి వదిలేసిన పాత ఫోను ఉంది. నీళ్లు పడకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి మెడలో వేసుకుంటాడు. రెండు రింగులకే ఎత్తాడు. తెర మీద ముందు ఆకాశం, తర్వాత ఆయన గడ్డం కనపడ్డాయి.

"ఏంటమ్మా? సీటు తీసేశారా?"

"సీటు కాదు నాన్నా, గది. నువ్వెక్కడున్నావ్?"

"ఏట్లో."

మేడమ్ గారు ముందుకు వంగారు. "నమస్కారమండీ. ఏట్లో అంటే ఎక్కడండీ?"

"పడవలోనమ్మా" అన్నాడాయన, ఇంకెక్కడుంటాను అన్నట్టు. గుమాస్తా గారు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

"నాన్నా, మన ట్రాక్టరు బాట ఉండేచోటికి పోగలవా?"

"ఇప్పుడక్కడ బాటేముందే?"

"ఆ మాటే మేడమ్ గారికి చూపించాలి."

"ఏమయ్యా, వడి ఎక్కువుంటే పోమాక" అని అరిచాను.

"ఏటి సంగతి నువ్వా నాకు చెప్పేది? గంపలో చేపలు చూసుకోవడమే నీకు తెలుసు" అన్నాడు. అప్పటికే తెడ్డు చప్పుడు వినపడుతోంది.

అక్కడికి చేరాక ఆయన ఎక్కడ ఉన్నాడో మ్యాపులో తెలిసేటట్టు పంపాలట. మా పిల్ల ఒక్కో గుర్తూ చెప్పింది. ఆయన ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కి ఫోను పెట్టేశాడు. మళ్లీ చేశాడు. "దీని దుంప తెగ, వల ముడి విప్పడం నయం" అన్నాడు. మూడోసారికి వచ్చింది. మా పిల్ల దాన్ని కంప్యూటర్‌లో తెరిచింది, మేడమ్ గారు ఆ తెరను తన వైపు తిప్పుకున్నారు. తెల్లటి గీతకు నట్టనడుమ నీలం చుక్క ఒకటి నిలబడి ఉంది.

"మీరిప్పుడు రోడ్డు మధ్యలో ఉన్నారండి" అన్నారావిడ.

"రోడ్డా? ఉండండమ్మా చూపిస్తా" అని ఆయన ఫోనును వల కుప్పకు ఆనించి పెట్టినట్టున్నాడు. ఫోనులో సగం ఎర్రటి నీళ్లు, సగం ఆయన మోకాళ్లు. గెడకర్ర తీసి నిలువుగా నీళ్లలోకి దించాడు. దించుతున్నాడు, ఇంకా దించుతున్నాడు. రెండు నిలువుల కర్ర అది. చివరికి చెయ్యి మోచేతి దాకా నీళ్లలోకి పోయింది.

"అందట్లేదమ్మా" అన్నాడు.

కౌంటరు ముందు వరసలో ఉన్నవాళ్లు కూడా కిటికీలో తలలు పెట్టి చూస్తున్నారు. ఈలోగా పడవ దిగువకు జరుగుతున్నట్టుంది. కంప్యూటర్ తెర మీద నీలం చుక్క తెల్లగీత మీది నుంచి మెల్లగా పక్కకు జారిపోయింది.

"చాలండీ, చాలండీ" అని మేడమ్ గారు లేచి నిలబడ్డారు. "ముందు మీరు ఒడ్డుకి వెళ్లిపోండి."

"గది ఇచ్చారామ్మా?"

"ఇస్తామండీ. మీరు ముందు ఒడ్డుకి వెళ్లండి!"

గుమాస్తా గారు పెద్దగా ఊపిరి వదిలాడు. "మ్యాపు చూసుకుని నేనైతే బండేసుకుని దిగిపోయేవాణ్ణి మేడమ్" అన్నాడు.

ఆవిడ మా అప్లికేషన్ తీసుకుని మొదటి పేజీ మీద నాలుగు వరసలు రాశారు. వరద నెలల్లో పడమటి దారి లేదని, తూర్పు రేవు మీదుగా దూరం లెక్కించాలని, తాను చూశానని. కింద సంతకం. గుమాస్తా గారు తూర్పు దారి కొట్టి చూస్తే అరవై దాటింది, అందులో పడవ లెక్క లేదు. సెక్రటరీ గారి లెటర్ వారంలోగా తెచ్చి ఇవ్వమన్నారు మేడమ్ గారు. మా పిల్లతో ఒక్క మాటే అన్నారు: "రోడ్డు నువ్వు పెట్టావని చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"చెప్పకపోతే మీరు అసలు రోడ్డే లేదని రాసేవారండి, అది అబద్ధం అవుద్ది. ఉంది. ఇప్పుడు లేదు. అంతే."

ఆవిడ నవ్వలేదు, మెచ్చుకోలేదు. కాగితం మా చేతికి ఇచ్చేటప్పుడు మాత్రం రెండు చేతులతో ఇచ్చారు. ఎదుటి మనిషి చెప్పింది కాగితంలో లేకపోయినా కాసేపు ఆగి చూసే ఆఫీసు మనుషులు నాకు ఎక్కువమంది తారసపడలేదు. ఆవిడను తలుచుకున్నప్పుడల్లా, పక్కన పెట్టేసిన ఆ జవాబు పత్రాల కట్ట గుర్తొస్తుంది. మా కోసం ఆ పని ఎంతసేపు ఆగిందో.

నాలుగింటికి చీటీ ఇచ్చారు. మొదటి సంవత్సరం వాళ్ల బ్లాకులో, రెండో అంతస్తులో చివరి గది. నాలుగు మంచాల గది, ముగ్గురు ముందే చేరారు. మేం వెళ్లేసరికి నాలుగో మంచం మీద పెట్టెలు, ఊరగాయ సీసాలు, ఆరేసిన తువ్వాళ్లు కొండలా ఉన్నాయి. చూసి నాకు ముళ్ల మీద నిలబడ్డట్టయింది. ముగ్గురికి అలవాటైన చోటులోకి నాలుగో మనిషి వస్తే ఎవరికి ఇష్టం? చిన్న పడవలో ఒక మనిషి ఎక్కువైతే పెద్దవాళ్లే సణుగుతారు.

ఆ పిల్లలు సణగలేదు. ఒకమ్మాయి శ్రీకాకుళం వైపు నుంచి, ఒకమ్మాయి కర్నూలు నుంచి, ఒకమ్మాయి బందరు నుంచి వచ్చారు. బందరు పిల్ల తండ్రి చర్చిలో పాస్టరు గారట. ముగ్గురికీ పరిచయమై నిండా ఒక్క రోజు కాలేదు. చీటీ చూడగానే ముగ్గురూ లేచారు. ఒకరు పెట్టెలు మంచాల కిందికి తోశారు, ఒకరు అలమరలో మూడు అరలూ ఖాళీ చేసి నాలుగు భాగాలుగా సర్దారు. అయిదు నిమిషాల్లో మంచం బయటపడింది.

"కిటికీ దగ్గరిది నువ్వు తీసుకో. నాకు గాలి పడదు, జలుబు చేస్తది" అంది కర్నూలు అమ్మాయి.

"అబద్ధం. పొద్దున ఆ మంచం కోసం నాతో కొట్లాడింది" అంది బందరు పిల్ల.

"నీతో అయితే కొట్లాడతా!"

మా పిల్ల చేతిలో ఫైలు తప్ప ఏమీ లేకపోవడం చూసి శ్రీకాకుళం అమ్మాయి అడిగింది. "సామాన్లేవీ?"

"గది వస్తుందో రాదో అని తేలేదు. ఇవాళ ఇంటికి పోయి ఎల్లుండి తెచ్చుకుంటా."

"మీదే ఊరు?"

"ఏట్లో."

"ఏట్లో అంటే?"

ముగ్గురూ కొత్త మంచం మీద ఎక్కి కూర్చున్నారు, వినడానికి. మా పిల్ల బాట సంగతి, మ్యాపు సంగతి, గెడకర్ర సంగతి చెప్పింది. ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని పిల్ల, చేతులు తిప్పుతూ చెప్పింది. మా ఆయన ఫోను పెట్టేసిన దగ్గర వాళ్లు పడీ పడీ నవ్వారు.

నేను గోడ గడియారం చూసుకుని, "పద తల్లీ, ఇప్పుడు బయల్దేరితేనే ఆఖరి పడవ" అన్నాను. అది లేవలేదు.

"అమ్మా, గేట్లు మళ్లీ ఎత్తుతారంట. ఇవాళ ఇంటికొస్తే ఎల్లుండికి పడవ ఉంటదో ఉండదో. నేనిక్కడే ఉండిపోతా. సామాను నాన్న చేత పంపు."

"కట్టుబట్టలతోనా?"

"నా నైటీ ఇస్తానాంటీ. కాకపోతే మీ అమ్మాయిలాంటోళ్లు ఇద్దరు పడతారు అందులో" అంది బందరు పిల్ల. కర్నూలు అమ్మాయి అప్పటికే పెట్టె తెరిచి దుప్పటి తీసి చెక్క మంచం మీద పరుస్తోంది. శ్రీకాకుళం అమ్మాయి తన రెండు దిండ్లలో ఒకటి అటు విసిరింది. ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఒక ఇంట్లో కోడలు అడుగుపెడితే పెద్దవాళ్లకు ఆరు నెలలు పట్టే పని వీళ్లు పావుగంటలో చేసేశారని నాకనిపించింది.

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. కింద హాలులో కొత్త పిల్లలందరికీ మీటింగు ఉందని ఎవరో కేక వేసుకుంటూ పోయారు. నలుగురూ చెప్పులు వేసుకున్నారు. మెట్ల దాకా నాతో వచ్చి మా పిల్ల ఆగింది. "జాగ్రత్తమ్మా. నాన్నని మళ్లీ అటు పోవద్దని చెప్పు" అంది. వాళ్లు హాలు వైపు తిరిగారు, నేను గేటు వైపు. వెనక్కి చూశాను. నలుగురి జడల్లో దానిది ఏదో పోల్చుకోవడానికి ఒక క్షణం పట్టింది.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు. లోపలికి వెళ్లి వచ్చే ప్రతి మనిషీ రాయాలట, ఎవరి కోసం వచ్చారో, ఏ గదో. పెన్ను తీసుకుని మా పిల్ల పేరు రాశాను. పక్క గడిలో గది నంబరు రాశాను. అతను తిప్పి చూసుకుని, "బ్లాకు రాయలేదమ్మా" అన్నాడు.

"రాస్తాను బాబూ, ఉండు" అని బ్లాకు కూడా రాశాను.